‘వ్వ’తో ముగిసే పేరు

కొత్తగూడలో మా అపార్ట్‌మెంటుకి ఎదురుగా అమ్మాయిల హాస్టల్ ఉంది. పొద్దున్నే మాదాపూర్ ఆఫీసులకు పరిగెత్తే పిల్లలు మెట్ల మీద నుంచి ఒకరినొకరు గట్టిగా పిలుచుకుంటారు. నేను బాల్కనీలో కాఫీ తాగుతూ వింటాను. పేర్లన్నీ ‘ఇక’ అనో ‘ఇష’ అనో ముగుస్తాయి. అర్థమేమిటని ఒకమ్మాయిని అడిగితే "ఏమో ఆంటీ, మమ్మీ ఇంటర్నెట్‌లో చూసి పెట్టింది" అని చెప్పి క్యాబ్ ఎక్కేసింది. ఒళ్ళు మండింది కానీ నవ్వి ఊరుకున్నాను.

నాకు పేర్ల కొసలు వినే జబ్బుంది. మనిషి పేరు మర్చిపోతాను, కొస మాత్రం మర్చిపోను. ఇక్కడ ఎవరి పేరూ పూర్తిగా రాయను. వాళ్ళ పిల్లలూ మనవలూ ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఎవరెలా తీసుకుంటారో తెలియదు. కొసలు మాత్రం రాస్తాను. వాటి మీద ఎవరికీ పట్టా లేదు.

ఈ జబ్బు నాకు క్వార్టర్స్‌లో అంటుకుంది. అరవైల చివర్లో నాన్నకి తెల్లాపూర్ పక్కన కొత్తగా వచ్చిన పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, కోస్తా నుంచి మమ్మల్ని తీసుకొచ్చి అక్కడ దింపాడు. చుట్టూ బండలు, సీతాఫలం పొదలు, ఎర్రమట్టి. ఆ బండల మధ్య వరసగా ఒకే రకం ఇళ్ళు. ఇంటికో భాష. కుడిపక్క తమిళావిడ పేరు ‘ఆళ్’ అని ముగిసేది. ఎడమపక్క మలయాళం నర్సు పేరు ‘కుట్టి’ అని ముగిసేది. కుట్టి అంటే వాళ్ళ భాషలో చిన్నపిల్ల అట, ఆవిడ మాత్రం మా గుమ్మానికి తల వంచి లోపలికి వచ్చేది. ఎదురింటి పంజాబీ ఆవిడ పేరు ‘ఇందర్’ అని ముగియడంతో పోస్ట్‌మన్ ఆవిడ చేతికి ఉత్తరం ఇవ్వకుండా "ఆయన్ని పిలవండమ్మా" అని నిలబడేవాడు. ఆ ‘ఆయన’ నేనేనని ఆవిడ హిందీలో వచ్చీరాని తెలుగు కలిపి దెబ్బలాడేది. మా అమ్మ పేరు సున్నతో ముగిసేది, రత్నం, కాంతం అంటారే అలాగ. నానమ్మ వాళ్ళింట్లో అమ్మని పిలిస్తే బీరువాలోంచి ఏదో వస్తువు తెమ్మన్నట్టుండేది.

ఇక ‘వ్వ’ అని ముగిసే పేరు మా ఇంటికి పాలతో వచ్చింది.

పాలు పోసే ఆమెది తెల్లాపూర్. మా అమ్మకన్నా నాలుగైదేళ్ళు చిన్న. రెండు గేదెలు, ఒక మొగుడు, పిల్లలు లేరు. పిల్లలు లేరన్న మాట ఆమే ముందుగా చెప్పేసేది, ఎదుటివాళ్ళు అడిగేదాకా ఆగేది కాదు. పాలక్యాను గట్టు మీద పెట్టి, "మాకు బర్రెలే బిడ్డలక్కా" అని నవ్వేది. ఆ నవ్వు చూసి ఆమెకేం బాధ లేదేమో అనుకునేదాన్ని. చిన్నదాన్ని కదా.

నా తర్వాత అమ్మకి ఇద్దరు పుట్టి ఇద్దరూ పోయారు. ఒకడు పుట్టిన రోజే. ఇంకొకతి బోర్లా పడటం నేర్చుకున్నాక. ఆ తర్వాత మా చెల్లెలు పుట్టింది. పురిటికని ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ పిల్లని చూడగానే ముద్దు పెట్టుకోలేదు. "దీన్ని అమ్మేద్దాం" అంది.

మా వైపు ఇది ఉన్న ఆచారమే. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చేటలో వేసి, వేరే కులపు ఇల్లాలికి గుప్పెడు నూకలకి అమ్మేస్తారు. అంటే ఈ బిడ్డ మాది కాదు, మాకు అక్కర్లేనిది, పారేసింది అని మృత్యువుని నమ్మించడం. కొన్నావిడే పేరు పెడుతుంది. వెంటనే ఆవిడ చేతిలో ఇన్ని వడ్లో బట్టో పెట్టి బిడ్డని మళ్ళీ కొనుక్కుంటారు. అమ్మకమూ కొనుగోలూ పది నిమిషాల్లో అయిపోతాయి. నాన్న ఇంజన్ల దగ్గర పనిచేసే మనిషి, ఇవన్నీ విని విసుక్కున్నాడు. కానీ ఇద్దరు పోయిన ఇల్లు, అత్తగారి ముందు గట్టిగా మాట్లాడలేక సైకిలు తీసుకుని డ్యూటీకి పోయాడు.

క్వార్టర్స్‌లో పెంటకుప్ప ఎక్కడ దొరుకుతుంది? ఫ్యాక్టరీ వాళ్ళు రోజూ ఊడ్పించేవాళ్ళు. అమ్మమ్మ లైనంతా తిరిగి వచ్చి, ఆ శుభ్రాన్ని తిట్టిపోసి, చివరికి మా పెరట్లో నీళ్ళ బాయిలర్ కింద తీసిన బూడిద కుప్ప చాలంది. సరిగ్గా అప్పుడు పాలామె వచ్చింది. అమ్మమ్మ సంగతి చెప్పి, "ఏమ్మా, నువ్వు కొనుక్కుంటావా?" అని అడిగింది.

ఆమె క్యాను కింద పెట్టింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత "నాకే ఇస్తవా?" అంది. "మరి ఇప్పుడొద్దు. ఒట్టి చేతుల్తోని బిడ్డను కొనరు. జరసేపు ఆగు, ఒస్త" అని తెల్లాపూర్ వెళ్ళిపోయింది. ఎండ ఎక్కాక వచ్చింది. తలస్నానం చేసి, పెళ్ళినాటి చీర కట్టుకుని, కొత్త చేట, కొంగున మూటగట్టిన నూకలు తెచ్చుకుంది. మేము ఇంట్లో ఉన్న పాత చేట సిద్ధం చేసి పెట్టాం. నాకెందుకో సిగ్గేసింది.

బూడిద కుప్ప పక్కన చేట పెట్టి చెల్లెల్ని పడుకోబెట్టారు. ఆమె నూకలు అమ్మ ఒళ్ళో పోసి, పిల్లని ఎత్తుకుని, చెవిలో పేరు చెప్పింది. ఆమె తల్లి పేరట అది. ‘వ్వ’ అని ముగిసింది. అమ్మమ్మ ఆమెకి ఒక జాకెట్టు ముక్క, చేటెడు వడ్లు ఇచ్చి పిల్లని మళ్ళీ అందుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుని అమ్మతో అంది:

"పెంచుడు నీది అక్కా, బిడ్డ నాది. ఇగ నీకు ఫికర్ లేదు."

మేమందరం నవ్వాం. ఎంత ముద్దుగా అంది అనుకున్నాం. ఆ మాట ముద్దుకి అన్నది కాదని మాకెవరికీ తట్టలేదు. మాకు అది పది నిమిషాల తంతు. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఇళ్ళల్లో, కొనుక్కున్న బిడ్డ కొనుక్కున్న తల్లిదే. ఎక్కడ పెరిగినా సరే. పెళ్ళప్పుడు ఆ తల్లే పక్కన కూర్చుంటుంది. మా అమ్మమ్మ ఇచ్చిన వడ్లూ గుడ్డా ఆమె దృష్టిలో పురిటింటికి వచ్చిన ముత్తైదువుకి పెట్టే మర్యాద. ఒకే గుమ్మంలో, ఒకే పిల్లని మధ్యలో పెట్టుకుని, మేమొకటి అనుకున్నాం, ఆమె ఒకటి అనుకుంది. తెలుగు మాట్లాడేవాళ్ళమే ఇద్దరమూ.

చెల్లెలు బతికింది. బతకడమే కాదు, బొద్దుగా తయారైంది. పాలామె రోజూ మా గిన్నెలో కొలిచి పోసి, ఆ పైన ఒక గ్లాసు విడిగా పోసేది, "గిది నా బిడ్డకు" అని. తలకి నూనె పెట్టేది. జొన్నరొట్టె బెల్లం నలిపి తినిపించేది. సీతాఫలాల కాలంలో కొంగునిండా తెచ్చి ముందు దానికి పెట్టి, మిగిలితే నాకిచ్చేది. నేను ఉడుక్కునేదాన్ని. బోనాలకి దాన్ని చంకనేసుకుని తెల్లాపూర్ తీసుకెళ్ళి, పట్టు గుడ్డ కట్టి, పసుపు రాసి, సాయంత్రానికి నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని తెచ్చేది. ఇంట్లో మేమూ దాన్ని ఆ ‘వ్వ’ పేరుతోనే పిలిచేవాళ్ళం. అమ్మమ్మ అలాగే పిలవమని చెప్పి వెళ్ళింది. నాన్న ఒక్కడే ఎప్పుడూ ఆ పేరు పలకలేదు. "చిన్నదేదీ?" అనేవాడు.

ఒక బోనాలకి అది మోచేతి కింద పచ్చబొట్టుతో వచ్చింది. మూడు చుక్కలు. నాన్న చూసి గిన్నెలన్నీ అదిరేలా అరిచాడు. "ఎవర్నడిగి పొడిపించావు?" అన్నాడు పాలామెని. ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నా బిడ్డకు పొడిపిచ్చుకున్న సారూ, ఎవర్నడగాలె?" అంది. ఎదురు చెప్పినట్టు కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. నాన్నకి అది పొగరుగా వినిపించింది.

ఆ మరుసటి వేసవి తర్వాత చెల్లెల్ని ఇంగ్లీషు బడిలో వేశారు. నాన్న దానికి ‘లత’ అని ముగిసే పేరు రాయించాడు. అప్పట్లో అన్నీ లతలే. మా లైన్లోనే ముగ్గురుండేవాళ్ళు. అమ్మ భయపడింది. "పెట్టినావిడ్ని ఒక్కమాట అడుగుదామండీ" అంది. "పాలు పోసే మనిషిని అడిగి నా కూతురికి పేరు పెట్టుకోవాలా?" అన్నాడు నాన్న. అమ్మ ఊరుకుంది. ఎప్పుడూ ఊరుకునేది. ఇంట్లో గొడవ పడకూడదని ఊరుకుని, ఊరుకుని, తర్వాత ఒంటరిగా వంటింట్లో ఏడ్చేది. నాకు ఇప్పటికీ ఆ ఊరుకోవడం మీద కోపమే.

పాపం నాన్నని ఒక్కణ్ణే అని లాభం లేదు. ఆ రోజుల్లో ఆ కొసంటే అందరికీ చిన్నచూపే. ‘ఆళ్’ని వెక్కిరించలేదు, ‘కుట్టి’ని ముద్దుగా పిలిచేవాళ్ళు, ‘ఇందర్’ అంటే గొప్పగా ఉండేది. దూరం నుంచి వచ్చిన కొసలన్నిటికీ మర్యాద దొరికింది. ఆ నేల మీద పుట్టిన కొస ఒక్కటే పాలమ్మేవాళ్ళదీ, పాచిపని చేసేవాళ్ళదీ అయిపోయింది. ఆ తర్వాత తెల్లాపూర్ వాళ్ళే తమ ఆడపిల్లలకి లతలనీ రాణులనీ పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడి పెద్ద పెద్ద విల్లాల మధ్య నిలబడి ‘వ్వ’ అని ముగిసే పేరుతో పిలిస్తే ఒక్క పిల్ల కూడా వెనక్కి తిరగదు. మంచి కొస అది. నోరు ముడవకుండా ఆ కొస పలకలేం, పిలిచిన మనిషి పెదాలు పిల్లని ముద్దు పెట్టుకోబోతున్నట్టు దగ్గరికొస్తాయి. ఇదంతా ఇప్పుడు తోస్తోంది, ఏం లాభం?

చెల్లెలు మూడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నర్సు గారి పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. పాలామె గేటు దగ్గర నుంచి పాత పేరుతో పిలిచింది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని "వ్వా, వ్వా" అని కుక్కపిల్లని పిలిచినట్టు అరవడం మొదలెట్టారు. చెల్లెలి మొహం కందగడ్డ అయిపోయింది. "నా పేరు అది కాదు! నన్నలా పిలవకు!" అని అరిచి లోపలికి పరిగెత్తింది. దానికి తెలియదు. అమ్మిన సంగతి పిల్లకి పెళ్ళిదాకా చెప్పకూడదని అమ్మమ్మ నియమం. పాలామె పెట్టిన ముద్దుపేరు అని మాత్రమే దానికి తెలుసు.

నాన్న బయటికొచ్చాడు. ఈసారి అరవలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది. "పిల్ల పెద్దదవుతోంది. ఇకనుంచి ఆ పేరుతో పిలవకమ్మా. మాది కాదు ఆ పేరు" అన్నాడు.

"మీది కాదు సారూ, నాది. నా బిడ్డకు మా అమ్మ పేరు పెట్టుకున్న" అంది ఆమె, నవ్వు మొహంతోనే.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ తెరవని నోరు, తెరవకుండా ఉంటే బాగుండే వేళ తెరిచింది. "అదేమిటమ్మా, ఆ రోజే మళ్ళీ కొనేసుకున్నాం కదా! వడ్లు పోశాం, గుడ్డ పెట్టాం. నువ్వు తీసుకున్నావు."

ఆమె అమ్మ వంక చూసింది. నాన్న వంక చూసింది. మళ్ళీ అమ్మ వంక. "గవి ఎనక్కి కొనుక్కున్నందుకా?" అంది మెల్లగా. "పురిటింటికొస్తే పెట్టిన్రు అనుకున్న."

ఆమె వంగి క్యాను మూత బిగించింది.

"మరి గిన్నేండ్ల సంది నాకు బిడ్డ లేనట్టేనా అక్కా?"

అమ్మ "అలా కాదే..." అంటూ గేటు వైపు అడుగేసింది. ఆమె క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆమె మొగుడు పాలు తెచ్చాడు. విడిగా పోసే గ్లాసు ఆగిపోయింది. చెల్లెలు రెండు రోజులు చూసి, "నా పాలేవీ?" అని అడిగింది.

ఎండలు ముదిరాక క్వార్టర్స్‌లో పిల్లలకి తట్టు వచ్చింది. చెల్లెలికీ వచ్చింది. మిగతా పిల్లలు తేరుకుని ఆటలకొచ్చినా దీనికి జ్వరం దిగలేదు. డాక్టరు వచ్చి చూసి, ఛాతీలో కఫం చేరిందన్నాడు, సూదిమందులిచ్చాడు. అమ్మ మంచం చుట్టూ వేపమండలు కట్టి, దాని పక్కనే నేల మీద పడుకుని, అన్నం మానేసింది. "నేను అడక్కుండా తీసేసుకున్నాను. ఆవిడ బిడ్డని ఆవిడ ఇవ్వకుండా తీసేసుకున్నాను" అని గొణిగేది. నాన్న విన్నా విననట్టుండేవాడు. అతని ధైర్యం కూడా సన్నగిల్లిందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక పూట తనే పాలాయన్ని ఆపి, "ఇంట్లో ఆవిడకి చెప్పు, పిల్లకి బాగాలేదని" అన్నాడు. నాన్న మనసు మారడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్ళాక ఆమె వచ్చింది. తట్టు పోసిన ఇంట్లోకి బయటివాళ్ళు రారు కనుక గేటు లోపల, మెట్ల కింద నిలబడింది. తలస్నానం చేసి ఉంది. చేతిలో కొత్త చీర, పసుపు, కుంకుమ. అమ్మ గుమ్మంలోకి రాగానే చీర మెట్టు మీద పెట్టింది.

"కొనుక్కున్నోళ్ళు ఇయ్యకుంట బిడ్డను గుంజుకుంటే బిడ్డకు మంచిది కాదక్కా. గందుకే ఇచ్చిపోదామని ఒచ్చిన" అంది. "నేను మూడుపార్ల పిలుస్త. ఇంట్ల ఎవ్వరు పలుకొద్దు. పిల్ల అసలే పలుకొద్దు. పలికితే నాదే అయితది, మల్ల నీకు దక్కదు. పలుకకుంటే ఆ పేరు నాతోని ఒస్తది. పిల్ల నీకుంటది."

అమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది. "దగ్గరికి రాకు, లోపటికి పో, పిల్ల కాడ కూసో" అంది ఆమె.

అమ్మ లోపలికొచ్చి మంచం మీద కూర్చుని చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట నుంచి ఆమె మొదటిసారి పిలిచింది. పొద్దున్నే పాలకి వచ్చినప్పుడు ఎలా పిలిచేదో అలాగే, కొస సాగదీసి. చెల్లెలు కళ్ళు తెరిచింది. రోజుల తరబడి మా పిలుపు దేనికీ తెరవని కళ్ళు.

రెండోసారి పిలిచింది. చెల్లెలు తల తిప్పి గుమ్మం వైపు చూసింది. పెదాలు కదిలాయి. ఆ పేరంటే అంత అసహ్యించుకున్న పిల్ల, నవ్వుతూ పలకబోయింది. అమ్మ చెయ్యి దాని నోటి మీద పడింది.

మూడోసారి పిలుస్తుంటే ఆమె గొంతు సగంలో ఆగింది. కొస ఒక్కటీ తర్వాత విడిగా వచ్చింది. అమ్మ చేతి కింద చెల్లెలు ఏదో అంటోంది. ఆ చప్పుడు గది దాటలేదు. అమ్మ కళ్ళ నీళ్ళు దాని నుదుటి మీద పడుతున్నాయి కానీ చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆమె వెంటనే వెళ్ళలేదు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. తల కాస్త పక్కకి వంచి నిలబడింది, ఇంకా వింటున్నట్టు. మేము పలకకూడదని తనే చెప్పింది. అయినా ఎదురుచూసింది. నేను నోరు తెరిస్తే ఏమయ్యేదో నాకు తెలియదు, చెల్లెలు పోతుందేమోనని భయపడ్డాను, ఆ భయం తప్పని ఇవాళ్టికీ అనలేను. చివరికి ఆమె గేటు దగ్గరగా వేసి, కొంగు తల మీదకి లాక్కుని, తెల్లాపూర్ బాట పట్టింది. మా ఇంటికి మళ్ళీ రాలేదు.

సూదిమందుల వల్లో మరోలాగో, రెండు రోజులకి జ్వరం దిగింది. చెల్లెలు లేచి కూర్చుని గంజి తాగింది. "ఆ రోజు ఎందుకమ్మా నా నోరు మూశావు?" అని అడిగింది.

అమ్మకి అబద్ధం చెప్పే ఓపిక మిగల్లేదు. అమ్మమ్మ నియమాన్ని పక్కన పెట్టి మొత్తం చెప్పేసింది, పోయిన పిల్లల సంగతి, బూడిద కుప్ప, నూకలు, చెవిలో చెప్పిన పేరు. "ఇన్నాళ్ళూ నువ్వు ఆవిడ పిల్లవి. అందుకే బతికావు. ఇప్పుడు నిన్ను మాకిచ్చేసింది, ఇక నువ్వు మా పిల్లవే" అని దగ్గరికి తీసుకుంది.

చెల్లెలు గంజి గ్లాసు కింద పెట్టింది. మొహంలో కోపం లేదు. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు చూసి, అమ్మని అడిగింది.

"నేను తన మీద అరిచాననా, నన్నిచ్చేసింది?"